‘డెబ్బది ఏళ్ల మారులు’: ఇక్కడ ‘ఏళ్లు’ అంటే సంవత్సరాలేనా?

విజయనగరం నుంచి ఒక సభ్యురాలు:

మాస్టారూ, నమస్కారం. మత్తయి సువార్త 18వ అధ్యాయం 22వ వచనంలో, తప్పు చేసిన సహోదరుణ్ణి ఏడు మారులమట్టుకే కాదు, ‘డెబ్బది ఏళ్ల మారులమట్టుకు’ క్షమించాలని యేసు పేతురుతో చెబుతాడు. మా స్త్రీల కూడికలో ఒక పెద్దావిడ దీన్ని డెబ్బై సంవత్సరాలని చదివి, 90వ కీర్తనలో మనిషి ఆయుష్కాలం డెబ్బై సంవత్సరాలని ఉంది కనుక, బ్రతికినంత కాలం క్షమించాలని వివరించారు. ఇది సరైన అర్థమేనా?

శ్రీకాకుళం నుంచి ఒక సభ్యుడు:

అమ్మా, ఆవిడ చెప్పిన భావం మంచిదే గానీ, ఆ మాటకు అది అర్థం కాదు. ఇక్కడి ‘ఏళ్లు’ ఏడు అనే అంకెకు బహువచనం. రెండు రెళ్లు నాలుగు, మూడు మూళ్లు తొమ్మిది అని ఎక్కాలు వల్లించేటప్పుడు రెండు ‘రెళ్లు’గా, మూడు ‘మూళ్లు’గా మారినట్టే ఏడు ‘ఏళ్లు’ అవుతుంది. ఏడేళ్లు నలభై తొమ్మిది అయితే డెబ్బై ఏళ్లు 490. సంవత్సరమనే అర్థంలో ఉన్న ‘ఏడు’కు కూడా బహువచన రూపం అదే కావడం వల్ల, తెలుగు ఎక్కాలు చెవిన పడని ఇళ్లలో ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది.

గ్రీకు మూలంలోని మాటకు డెబ్బై ఏడు సార్లు అనే అర్థం కూడా చెబుతారు. ఆదికాండము 4:24లో కయీను వంశస్థుడైన లెమెకు, కయీను కోసం ఏడంతల ప్రతిదండన వస్తే తన కోసం డెబ్బది యేడంతలు వస్తుందని గొప్పలు పోతాడు. ఆ వచనపు ప్రాచీన గ్రీకు అనువాదంలో ఉన్నది కూడా ఈ మాటే. పగకు లెమెకు కట్టిన లెక్కనే యేసు క్షమాపణ వైపు తిప్పాడని నేను నమ్ముతాను.

వెంటనే వచ్చే ఉపమానమంతా అప్పుల భాషలో నడుస్తుంది. రాజుకు పదివేల తలాంతులు ‘అచ్చియున్న’, అంటే బాకీపడిన, దాసుడొకడు మాఫీ పొంది, బయటికి రాగానే నూరు దేనారాల కోసం తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. దేనారం ఒక కూలివాడి రోజు కూలి, తలాంతు సుమారు ఆరువేల దేనారాలు. నూరు దేనారాలంటే మూడు నెలలకు పైబడిన కష్టం. పూట కూలితో బ్రతికే ఇంటికి అది చిన్న మొత్తం కానే కాదు. మన ప్రసంగాల్లో దీన్ని ‘కొద్దిపాటి బాకీ’ అని తేల్చేసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే దెబ్బ తిన్నవారి నొప్పిని ఈ ఉపమానం ఎక్కడా తక్కువ చేయలేదు. ఆ బాకీ నిజమైనదే. రాజు వదులుకున్నది మాత్రం దానికి ఆరు లక్షల రెట్లు.

ఇక ‘క్షమించు’ అనే మాట. సంస్కృతంలో క్షమ అంటే ఓర్పు, సహనం. కానీ ‘వాని అప్పు క్షమించెను’ అన్నచోట గ్రీకులో ఉన్న ‘అఫియేమి’ అనే క్రియకు వదిలివేయడం, పోనివ్వడం మూలార్థాలు. దానికి అతికినట్టు సరిపోయే మాట మన రెండు జిల్లాల నోటిలోనే ఉంది: ఒగ్గేయడం. నరసన్నపేట దగ్గర మా ఊళ్లో జ్ఞాతి ఒకాయన మా పొలం గట్టును ఏటా జానెడు చొప్పున చెక్కి తన మడిలో కలుపుకొన్నాడు. ఆయన మంచాన పడ్డాక మా మామ్మ రోజూ చెంబుతో అంబలి పట్టుకెళ్లేది. ఎందుకని అడిగితే, ‘ఒగ్గీసినాను నాయినా’ అంది. పోయిన జానలెన్నో చివరి వరకూ ఆమెకు గుర్తున్నాయి.

విజయనగరం సభ్యురాలు:

ఎంతో బాగా చెప్పారు మాస్టారూ. అయితే ఒగ్గేయడమంటే, జరిగిన తప్పు గురించి అసలు నోరెత్తకుండా ఊరుకోవడమా? మా కూడికలో భర్త చేతి దెబ్బలు తిని వచ్చినవారు కూడా ఉన్నారు, అందుకని అడుగుతున్నాను.

శ్రీకాకుళం సభ్యుడు:

కాదమ్మా. అదే అధ్యాయం 15 నుంచి 17 వరకు వచనాల్లో, తప్పిదం చేసినవాణ్ణి ఒంటరిగా ఉన్నప్పుడు గద్దించమనీ, వినకపోతే ఒకరిద్దరిని సాక్షులుగా వెంటబెట్టుకొని వెళ్లమనీ, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజెప్పమనీ ఉంది. కొట్టే మనిషి దగ్గరికి తిరిగి వెళ్లి దెబ్బలకు ఒళ్లు అప్పగించమని ఆ వచనాల్లో ఎక్కడా లేదు. ఆ సోదరీమణులకు ఈ మాట తప్పకుండా చెప్పండి. మా మామ్మ కూడా గట్టు సంగతి ఊరి పెద్దల ఎదుట ఆయన్ను నిలదీసి అడిగింది. అంబలి పట్టుకెళ్లింది ఆ తర్వాతే.