స్పితికి గ్రావెల్ సైకిల్ మీద: ఈ గేర్లు సరిపోతాయా?

మాది కోరాపుట్. సెప్టెంబరులో నేనూ మా బావా గ్రావెల్ సైకిళ్ళ (కంకర, మట్టి దారులకి చేసినవి) మీద సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా హిమాచల్‌లోని స్పితి లోయలో ఉన్న కాజా చేరి, కుంజుం కనుమ దాటి మనాలీలో దిగాలనుకుంటున్నాం. మనాలీ వైపు నుంచి ఎక్కితే ఎత్తు ఒక్కసారిగా పెరిగి తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయని ఈ దారి ఎంచుకున్నాం.

నా టెన్షనంతా గేర్ల గురించే. ముందు 40 పళ్ళ చక్రం ఒకటే, వెనక పెద్దది 42. మొన్న మా జిల్లాలోని దేవమాలి కొండ ఎక్కుతూ, సామాను లేకుండానే, ఆఖరి మలుపుల్లో దిగి తోసుకెళ్ళాను. అది 1,672 మీటర్లే! కుంజుం 4,500 దాటుతుంది, అక్కడ గాలే పలచన, పైగా బ్యాగుల బరువు. ముందుది 34కి మారిస్తే చాలా, 32 వేయించాలా?

దిగేటప్పుడు ఇంకో గొడవ. వెనక బ్రేక్ నుంచి కాలిన వాసన. ఆగి చూస్తే డిస్క్ నీలం తిరిగింది. ఇప్పుడున్నవి రెసిన్ (మెత్తటి రకం) బ్రేక్ ప్యాడ్లు. మెటల్ ప్యాడ్లు వేస్తే ఇదే డిస్క్ తట్టుకుంటుందా? "మన ఘాట్లు చూసినోళ్ళకి ఇదో లెక్కా" అంటాడు బావ. ఆయన సైకిల్‌కి ముందు మూడు పళ్ళ చక్రాలున్నాయి మరి.

కుంజుం దిగాక బాతల్ నుంచి గ్రాంఫూ దాకా రాళ్ళూ వాగులే కదా, 40 ఎం.ఎం. ట్యూబ్‌లెస్ టైర్లతో వెళ్ళినవాళ్ళెవరైనా ఉన్నారా? గాలి ఎంత పెట్టారు? 45 వేద్దామంటే ఫ్రేముకి రాసుకుంటోంది.