34449 వదిలేసి కొత్త రకానికి పోవాలా?

పెన్నాగట్టు: ఆరేళ్లుగా 34449 వరి, అదే నెల్లూరు మసూరి వేస్తున్నా. ఈసారి తెలంగాణ సోనా (15048) వెయ్యమని పక్క చేను ఆయన ఒకటే పోరు. రెండూ సన్నాలే. మారాలా వద్దా? మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర, కాలవ కింద.

కోవూరు మాగాణి: మారాల్సిందే. 5204, అదే సాంబ మసూరి సంగతి మర్చిపోయారా? 1986లో బాపట్ల నుంచి వచ్చింది, అన్నం బాగుందని ఊరూరా అదే. కానీ అగ్గితెగులుకి ఆగదు, యూరియా కాస్త ఎక్కువైతే పడిపోతుంది, 150 రోజులు నీళ్లు కట్టాలి. మన నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్టేషన్ వాళ్ల 34449 అగ్గితెగుల్ని తట్టుకుని 120 రోజులకే కోతకొస్తుందనే కదా 5204ని మానుకున్నాం? అంతకుముందు మన పాత రకం మొలగొలుకులు కూడా అట్లాగే పోయాయి.

చెరువుకట్ట: 120 రోజులా? మాకు 130కి తక్కువ ఎప్పుడూ రాలేదు.

కోవూరు మాగాణి: విత్తనం చల్లిన రోజు నుంచి లెక్క. ముదురు నారు నాటుంటారు.

చెరువుకట్ట: 25 రోజుల నారు. మీ పుస్తకం లెక్క వేరు, చలికాలం లెక్క వేరు.

కోవూరు మాగాణి: చలికి వారం, పది రోజులు లేటవడం ఏ రకానికైనా ఉండేదే.

చెరువుకట్ట: అంటే 130 అని ఒప్పుకున్నట్టే.

పెన్నాగట్టు: అన్నా, నేనడిగింది అది కాదు.

కౌలుబిడ్డ: రెండేళ్ల కిందట కొత్త రకం అని నాకూ అంటగట్టారు. సగం వెన్నులు పండి రాలుతుంటే సగం పచ్చిగా ఉన్నాయి. దళారి రాశిలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు కొరికి, 'కల్తీ' అని బండెక్కి పోయాడు.

కోవూరు మాగాణి: అది రకం తప్పు కాదు, విత్తనం తప్పు. విత్తనం సంచి మీద ట్యాగ్ చూసుకోవాలి. చూసుకోకుండా కొని ఏడిస్తే ఎట్లా?

కౌలుబిడ్డ: ట్యాగ్ చూసే కొన్నా. మీకు చేను సొంతం కాబట్టి ఎన్నైనా చెప్తారు. పోతే మీకు ఒక్క కారు పంట పోతుంది, అంతే. నేను కౌలుకి ఎకరాకి ఇన్ని పుట్ల వడ్లని ముందే మాటిచ్చి దిగినోణ్ణి. పండినా ఎండినా కొలవాల్సిందే. 34449 మీద నాకేం ప్రేమ లేదు. మా ఊరికొచ్చే దళారి ఆ నంబరు వింటే బేరానికి కూర్చుంటాడు, వేరేది చెప్తే 'చూద్దాంలే' అంటాడు. అందుకే మారను.

కోవూరు మాగాణి: సరే, మాట జారాను. ఒక్క అరెకరంలోనైనా వేసి చూడొచ్చు కదా?

కౌలుబిడ్డ: అరెకరం వడ్ల కోసం మిషన్‌ని వేరే దించాలా? కలిపి కోయిస్తే మళ్లీ కల్తీ అంటారు.

చెరువుకట్ట: 130 రోజులే. మీరే ఒప్పుకున్నారు.

పెన్నాగట్టు: నాదీ సగం కౌలే. సొంత రెండెకరాల్లో ఒకటి 15048, మిగతాదంతా 34449. పాతిక కిలోల 15048 విత్తనం కావాలి, మీ చేలో పండిందైతే మేలు. ఎవరి దగ్గరైనా ఉందా?