గారమాండ్‌ను దిద్ది రాస్తే నకలులా కనిపిస్తోంది: పాత టైప్‌ఫేస్‌ల నుంచి చేతిరాతకు ఏం తీసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇంగ్లీషు అక్షరాలతో కాలిగ్రఫీ, లెటరింగ్ రెండూ సాధన చేస్తున్నాను. నమూనాల కోసం గారమాండ్, బోడోనీ, ఫ్యూచురా వంటి పేరున్న టైప్‌ఫేస్‌లను (అచ్చు అక్షరాల శైలులను) పెద్ద సైజులో ముద్రించుకుని, వాటిపై ట్రేసింగ్ కాగితం పరచి దిద్దుతూ వచ్చాను. విడిగా చూస్తే ఒక్కో అక్షరం బాగానే కుదురుతోంది. కానీ అవే అక్షరాలతో ఒక పదమో, రెండు పంక్తుల వాక్యమో రాస్తే అందులో జీవం ఉండటం లేదు. కంప్యూటర్‌లో టైపు చేసి ముద్రించినదానికి నాసిరకం నకలులా కనిపిస్తోంది. ఈమాత్రం దానికి టైపు చేసుకుంటే సరిపోయేది కదా అనిపించి, రెండు వారాలుగా పాళీ ముట్టుకోలేదు.

అచ్చు అక్షరం నుంచి చేతిరాతకు నిజంగా తీసుకోదగినది ఏమిటి? ఏ టైప్‌ఫేస్ ఏ పాళీకి లొంగుతుందో ముందుగా ఎలా తెలుస్తుంది? బోడోనీని వెడల్పు పాళీతో రాయబోతే అందులోని సన్నగీతలు ఎంత ప్రయత్నించినా కుదరలేదు.

జవాబు 1

మీ సందేహానికి సగం సమాధానం మీ చివరి వాక్యంలోనే ఉంది. బోడోనీ వెడల్పు పాళీకి లొంగదు, ఎందుకంటే అది ఆ పాళీలో పుట్టినది కాదు.

అక్షరంలో లావు సన్నాలు రెండు విధాలుగా ఏర్పడతాయి. వెడల్పు పాళీని ఒకే కోణంలో నిలిపి రాస్తే గీత సాగే దిశను బట్టి మందం మారుతుంది, చేతి ఒత్తిడితో పనిలేదు. మొనదేలిన పాళీ విషయంలో ఇది తలకిందులు: నొక్కినకొద్దీ చీలిక విచ్చుకుని గీత లావెక్కుతుంది, వదిలితే వెంట్రుకలా సన్నబడుతుంది. ఇంగ్లీషు టైప్‌ఫేస్‌ల రూపాలను ఈ రెండు కదలికల ఆధారంగా వివరించినవాడు డచ్ డిజైనర్ గెరిట్ నూర్డ్‌జై. ఆయన మాట నాకు అన్నిచోట్లా సరిపోతుందని అనిపించదు గానీ, మీ ఇబ్బందికి మాత్రం అదే సరైన తాళంచెవి.

గారమాండ్‌లోని 'ఓ' అక్షరాన్ని మళ్లీ ఒకసారి పరిశీలించండి. అందులో బాగా సన్నబడిన చోట్లు నడినెత్తిన, నడి అడుగున ఉండవు. పైన కొంచెం ఎడమకు, కింద కొంచెం కుడికి జరిగి ఉంటాయి. కుడిచేత్తో వెడల్పు పాళీని వాలుగా పట్టుకుని రాసినవారి మణికట్టు అక్కడ కనిపిస్తుంది. 1470లో నికొలా జెన్సన్ వెనిస్‌లో అచ్చువేసిన అక్షరాలు, 16వ శతాబ్దంలో క్లోడ్ గారమాండ్ పారిస్‌లో ఉక్కుపై చెక్కిన అక్షరాలు, ఆ కాలపు లేఖకుల చేతిరాతకు లోహరూపాలు. 18వ శతాబ్దం చివరికి వచ్చిన బోడోనీ, డిడో అక్షరాలలో ఆ వాలు మాయమై సన్నని చోట్లు నిట్టనిలువు గీతపైకి చేరాయి. అవి మొనదేలిన పాళీకి, రాగిరేకుపై చెక్కే ఉలికి దగ్గరివి. రెంటికీ నడుమ నిలిచిన బాస్కర్‌విల్ అక్షరాలను రూపొందించిన జాన్ బాస్కర్‌విల్, అచ్చుపనిలోకి రాకముందు చేతిరాత నేర్పే ఉపాధ్యాయుడు, సమాధిఫలకాలపై అక్షరాలు చెక్కినవాడు. అందువల్ల ఆయన టైపు రెండు పాళీల వారికీ పనికొస్తుంది.

ఒక చిన్న పని చేసి చూడండి. రెండు పెన్సిళ్లను కలిపి రబ్బరుబ్యాండుతో బిగించండి. రెండు మొనలను కలిపే గీత పంక్తితో 30 డిగ్రీల కోణం చేసేలా పట్టుకుని, మణికట్టు తిప్పకుండా 'ఓ', 'ఎన్', 'ఏ' చిన్నక్షరాలు రాయండి. గారమాండ్ ఎముకలు మీ కాగితంపైనే లేస్తాయి. ఎడ్వర్డ్ జాన్‌స్టన్ 20వ శతాబ్దం ఆరంభంలో ఇంగ్లండులో వెడల్పు పాళీ విద్యను తిరిగి నిలబెట్టినప్పుడు, 10వ శతాబ్దపు రామ్సే సాల్టర్ అనే కీర్తనల రాతప్రతిని ఆధారంగా తీసుకుని మలచిన 'ఫౌండేషనల్' రాతలో కోణం ఇదే. అందులో చిన్నక్షరం ఎత్తు పాళీ వెడల్పుకు 4 రెట్లు. అదే జాన్‌స్టన్ లండన్ భూగర్భ రైలు కోసం 1916లో సెరిఫ్‌లు (గీతల కొసలకు ఉండే చిన్న అడ్డుమొనలు) లేని అక్షరాలు గీశాడు. ఆ రైలు స్టేషన్ల పలకల మీద 'ఐ' చుక్క గుండ్రంగా గానీ నిటారు చతురస్రంగా గానీ ఉండదు, మూలమీద నిలబడిన చతురస్రంలా ఉంటుంది. వాలుగా పట్టిన వెడల్పు పాళీని కాగితంపై ఆన్చి కొద్దిగా లాగితే పడే చుక్క అది.

జవాబు 2

పై జవాబు రాతకు సంబంధించినంతవరకు నాకు పూర్తిగా సమ్మతమే. అయితే ప్రశ్న అడిగినవారు లెటరింగ్ కూడా చేస్తున్నామన్నారు. లెటరింగ్ అంటే గీయడం. అక్కడ పాళీ కోణాన్ని గుడ్డిగా నమ్ముకుంటే ముందుకు సాగదు. మీ పదాలు బిగుసుకుపోవడానికి అసలు కారణం వేరొకటి ఉందని నా అభిప్రాయం.

అచ్చు అక్షరానికి తన పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదు. ఏ అక్షరం పక్కన నిలబెట్టినా తగవు రాకూడదు కాబట్టి, దానిని రూపొందించినవారు దాని స్వభావాన్ని కొంత అణచి, చేతులు ముడుచుకుని కూర్చోబెడతారు. మీరు ఒక పదం గీసేటప్పుడు ఆ నిర్బంధం ఏదీ లేదు. 'ఆర్' తరువాత 'ఏ' వస్తుందని మీకు ముందే తెలుసు, కాబట్టి ఆ 'ఆర్' భుజాన్ని కుదించవచ్చు. రెండు 'టీ'లు పక్కపక్కన వస్తే ఒకే అడ్డగీతతో కలిపేయవచ్చు. అదే అక్షరం ఒకే పదంలో రెండుసార్లు వస్తే రెండోసారి కొంచెం మార్చి రాయవచ్చు. మీరు టైప్‌ఫేస్‌ను దిద్దినప్పుడు అందులోని అందంతోపాటు ఈ సంకెళ్లను కూడా తెచ్చుకున్నారు.

అచ్చుపని మొదటినుంచీ ఈ లోటును పూడ్చుకోవడానికే తంటాలు పడింది. గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో ముద్రించిన బైబిల్ కోసం ఒకే అక్షరానికి వేర్వేరు వెడల్పుల రూపాలను, జంట అక్షరాలను పోతపోయించుకున్నాడు, పంక్తుల అంచు లేఖకుడు రాసినట్టు సమంగా రావాలని. జర్మన్ అక్షర రూపకర్త హెర్మన్ జాఫ్ 1998లో విడుదలైన తన జాఫినో టైప్‌ఫేస్‌లో కంప్యూటర్ సాయంతో మళ్లీ అదే పని చేశాడు. చేతికి ఉచితంగా దొరికేదాని కోసం యంత్రం పడిన కష్టం అది.

ఇక టైప్‌ఫేస్ నుంచి తీసుకోవలసినది కంటిని మోసగించే మెళకువ. పాల్ రెన్నర్ రూపొందించిన ఫ్యూచురా 1927లో విడుదలైనప్పటి నుంచీ, అది కంపాస్‌తో, స్కేలుతో గీసినదని చాలామంది నమ్ముతారు. కానీ కంపాస్ పెట్టి గీసి చూడండి, మీ అక్షరం మొరటుగా వస్తుంది. గుండ్రని భాగం నిలువుగీతలో కలిసేచోట గీత సన్నబడుతుంది. గుండ్రని అక్షరాలు పంక్తిని పైనా కిందా వెంట్రుకవాసి దాటుతాయి, దాటకపోతే పొట్టిగా కనిపిస్తాయి. అడ్డగీత నిలువుగీతకన్నా కొంచెం పలుచనగా ఉంటేనే రెండూ సమానంగా కనిపిస్తాయి. కాగితాన్ని తలకిందులు చేసి 'ఎస్'ను చూడండి, ఇంతకాలం సమానమనుకున్న రెండు ఒంపులలో ఒకటి ఎంత పెద్దదో అప్పుడు బయటపడుతుంది.

అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు పెన్సిళ్ల ప్రయోగం ఈ ఉదయమే చేశాను. నెలల తరబడి దిద్దిన 'ఏ' అక్షరం పొట్ట ఎందుకు అలా కిందికి జారుతుందో మొదటిసారి చేతికి తెలిసింది. అయితే ఇక ట్రేసింగ్ పూర్తిగా మానివేయాలా? అలాగే ఒక టైప్‌ఫేస్‌ను చూసి గీసిన పనిని అమ్మితే చిక్కులు వస్తాయా?

జవాబు 3

ట్రేసింగ్‌ను మానవద్దు, కానీ దిద్దే గీతను మార్చండి. మీరు ఇప్పటివరకు అక్షరం అంచులను దిద్దారు. ఇకమీదట అంచులను వదిలి, లావు గీతల నడుమ ఒకే సన్నగీతగా అస్థిపంజరాన్ని మాత్రమే లాగండి. గారమాండ్ పెద్దక్షరాలను, బోడోనీ పెద్దక్షరాలను ఇలా పక్కపక్కన లాగితే, లావు సన్నాల సందడి తగ్గి కొలతలు బయటపడతాయి. గారమాండ్‌లో 'ఈ', 'ఎఫ్', 'ఎల్' ఇరుకుగా, 'ఓ', 'సీ', 'డీ' విశాలంగా ఉంటాయి. బోడోనీలో ఆ తేడా చాలావరకు చదునై, అక్షరాలన్నీ దాదాపు ఒకే వెడల్పుకు సర్దుకుంటాయి. మీరు రాయబోయే పదానికి ఏ నడక కావాలో ఎంచుకుని, ఆ అస్థిపంజరానికి మీ పాళీతో కండ పట్టించండి.

వీలైతే టైప్‌ఫేస్‌కు ఒక తరం వెనక్కి కూడా వెళ్లండి. వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కగా 1501లో తొలిసారి పుస్తకమంతా అచ్చయిన ఇటాలిక్ (కుడికి వాలిన) అక్షరాలకు మూలం అప్పటి ఇటలీ కార్యాలయ రాత. ఇటాలిక్ టైపు నుంచి ఇటాలిక్ రాత నేర్చుకోవడమంటే ప్రతిబింబాన్ని చూసి బొట్టు పెట్టుకోకుండా, ప్రతిబింబానికే బొట్టు పెట్టడం. జాఫ్ 1950లో ఫ్లోరెన్స్‌లోని సాంతా క్రోచే చర్చిలో నేలపై పరచిన సమాధిఫలకాల అక్షరాలకు ముగ్ధుడై, చేతిలో వేరే కాగితం లేక లీరా నోటుపైనే వాటిని గీసుకున్నాడు. 1958లో వచ్చిన ఆయన ఆప్టిమా టైప్‌ఫేస్‌కు విత్తనం అదే.

నాకు బాగా కలిసివచ్చిన సాధన ఒకటి చెబుతాను. రోములో 113లో నిలిపిన ట్రేజన్ స్తంభపు శాసనంలో 'హెచ్', 'జే', 'కే', 'యూ', 'డబ్ల్యూ', 'వై', 'జెడ్' లేవు. 1989లో ఆ శాసనం ఆధారంగా ట్రేజన్ టైప్‌ఫేస్‌ను రూపొందించిన కారల్ ట్వాంబ్లీ వాటిని తానే ఊహించవలసి వచ్చింది. మీరూ శాసనం ఫోటో ఒక్కటే ఎదురుగా పెట్టుకుని, ఫాంట్‌ను చూడకుండా, ఆ లేని అక్షరాలను గీయండి. ఆ రాతి అక్షరాలను ముందు చదునైన కుంచెతో రాసి, తరువాతే చెక్కారని ఆ శాసనాన్ని పరిశోధించిన ఎడ్వర్డ్ కాటిచ్ వాదించాడు కాబట్టి పెన్సిల్‌కు బదులు కుంచె పట్టుకుంటే ఇంకా మంచిది.

అమ్మకం విషయానికొస్తే, అమెరికాలో అక్షరరూపాలకు కాపీరైట్ లేదు, ఫాంట్ ఫైలుకు ప్రోగ్రాముగా రక్షణ ఉంది. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. పై విధంగా పనిచేస్తే ఆ ప్రశ్న తలెత్తే అవకాశం తక్కువ.

అడిగినవారి స్పందన

'కే' అక్షరాన్ని పదకొండుసార్లు గీశాను. 'ఆర్' కాలును అరువు తెచ్చి అతికించినవన్నీ అతుకుల్లాగే మిగిలాయి. తొమ్మిదోది కొంత నయం, ఎందుకంటే అందులో కాలు ఎక్కడ ఆగాలో పక్కన రాసిన 'ఏ'ను చూసి నిర్ణయించాను. తరువాత ఫాంట్ తెరిచి పోల్చాను. ట్వాంబ్లీ 'కే' నాదానికన్నా ఎంతో నిబ్బరంగా ఉంది, కానీ నా పదంలో నాదే సరిపోయింది.