చిన్న దేశాల మహిళల బాస్కెట్‌బాల్ పోటీలు: మన చిన్న ఊళ్ల జట్లకు ఆ పద్ధతి పనికివస్తుందా?

కావలి వ్యాయామ ఉపాధ్యాయిని:

అందరికీ నమస్కారం. కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో బాలికలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్నాను. ఐరోపాలో చిన్న దేశాల మహిళా జట్ల కోసం ప్రత్యేకంగా ఒక ఛాంపియన్‌షిప్ ఉందనీ, మాల్టా, జిబ్రాల్టర్, అండోరా వంటివి అందులో ఆడాయనీ ఈ మధ్య తెలిసింది. 2011 లెక్కల్లోనే మా కావలి జనాభా సుమారు 90 వేలు. అండోరా దేశం మొత్తం కలిపినా ఇంచుమించు అంతే. అంత చిన్న దేశపు ఆడపిల్లలు జాతీయ జట్టు పేరుతో అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడుతున్నారంటే నాకు ఎంతో సంతోషం కలిగింది.

మా పిల్లల సంగతి వేరు. నాకౌట్ పోటీలకు తీసుకువెళితే, ఏళ్ల తరబడి శిక్షణ పొందిన పెద్ద నగరపు జట్టు మొదటి మ్యాచ్‌లోనే ఎదురవుతుంది. ఓడిపోయి ఆ సాయంత్రమే రైలెక్కుతాము. ఆ ఒక్క మ్యాచ్‌లో వాళ్లు నేర్చుకునేది ఏమీ ఉండదు. అందుకే అడుగుతున్నాను: ఏది చిన్న దేశమో ఎలా నిర్ణయిస్తారు? సాటి జట్లతోనే ఆడడం వల్ల ఆట మెరుగుపడుతుందా, లేక ఆ స్థాయికే అలవాటుపడిపోతారా? కావలి, కందుకూరు, సింగరాయకొండ, ఒంగోలు జట్ల మధ్య మనం అటువంటిది ఏర్పాటు చేసుకోవచ్చునా?

ఒంగోలు క్రీడాభిమాని:

మేడమ్, ఇందులో రెండు వేర్వేరు పోటీలు ఉన్నాయి, చాలామంది వాటిని ఒకటిగా పొరబడతారు. మొదటిది ఐరోపా చిన్న రాజ్యాల క్రీడలు. 1985లో శాన్ మరినోలో మొదలై రెండేళ్లకొకసారి జరిగే ఈ క్రీడల్లో బాస్కెట్‌బాల్ ఒక అంశం మాత్రమే. పది లక్షల లోపు జనాభా గల దేశాల కోసం వీటిని ఉద్దేశించారు: అండోరా, సైప్రస్, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్, లక్సెంబర్గ్, మాల్టా, మొనాకో, శాన్ మరినో, 2009లో చేరిన మోంటెనెగ్రో. జిబ్రాల్టర్ వీటిలో లేదు. అది బ్రిటన్ అధీనంలోని భూభాగం, దానికి ఒలింపిక్ సంఘం గుర్తింపు లేదు.

మీరు విన్నది రెండవది, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిర్వహించే చిన్న దేశాల ఛాంపియన్‌షిప్. ఫిబాలో జిబ్రాల్టర్‌కు సభ్యత్వం ఉంది, 2016లో మహిళల పోటీకి ఆతిథ్యం ఇచ్చింది కూడా. 2018లో ఆ పోటీ ఐర్లాండ్‌లోని కార్క్ నగరంలో జరిగింది. ఐర్లాండ్ జనాభా 50 లక్షలకు అటూఇటూగా ఉంటుంది కనుక, అక్కడ చిన్న దేశమంటే జనం తక్కువ ఉన్న దేశమని కాదు, బాస్కెట్‌బాల్‌లో ఇంకా ఎదగవలసిన దేశమని గ్రహించాలి. మరోవైపు ఆరు లక్షల పైచిలుకు జనాభా గల మోంటెనెగ్రో 2011లోనే పెద్ద జట్లు ఆడే ఐరోపా ఛాంపియన్‌షిప్, అంటే మహిళల యూరోబాస్కెట్ తుది దశకు చేరుకుంది.

మీకు పనికివచ్చే అసలు విషయం పోటీ నడిచే తీరులో ఉంది. గ్రూపు మ్యాచ్‌లు ముగిశాక, ఓడిన జట్లకు కూడా స్థానాలు నిర్ణయించే మ్యాచ్‌లు ఉంటాయి. రెండు మ్యాచ్‌లు ఓడినంత మాత్రాన ఏ జట్టూ పెట్టె సర్దుకోనక్కరలేదు. మొదటి రోజు చేసిన తప్పును చివరి రోజు దిద్దుకునే వీలు ఆటగత్తెలకు దొరుకుతుంది.

నెల్లూరు పూర్వ క్రీడాకారిణి:

మేడమ్ రెండవ ప్రశ్నలోని భయం నాకూ ఉంది. మన దేశపు మహిళా జట్టునే చూడండి. 2017లో బెంగళూరులో జరిగిన మహిళల ఆసియా కప్ కింది అంచె అయిన బి డివిజన్ ఫైనల్లో మన అమ్మాయిలు కజకిస్తాన్‌ను 75-73తో ఓడించి పై అంచె అయిన ఎ డివిజన్‌కు చేరుకున్నారు. రెండు పాయింట్ల తేడాతో గెలిచిన ఆ మ్యాచ్ తలచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. అయితే 2019లో అదే బెంగళూరులో ఎ డివిజన్‌లో ఎనిమిది జట్లలో ఎనిమిదవ స్థానం వచ్చింది, 2021లో జోర్డాన్‌లోని అమ్మాన్‌లో మళ్లీ అన్నీ ఓడి బి డివిజన్‌కు దిగిపోయాము. సాటివారిపై గెలవడం వేరు, జపాన్, చైనా, ఆస్ట్రేలియా జట్ల ఎదుట నిలబడడం వేరు. కనుక సాటి జట్ల పోటీ పెట్టి ఊరుకుంటే సరిపోదు, గెలిచిన వారిని ఆపై మెట్టు ఎక్కించే ఏర్పాటు కూడా మొదటినుంచీ ఉండాలి.

ఒంగోలు క్రీడాభిమాని:

మీ మాటతో ఏకీభవిస్తున్నానండీ. ఆ మెట్టుకు ఐర్లాండే మంచి ఉదాహరణ. అప్పుల భారం మోయలేక అక్కడి బాస్కెట్‌బాల్ సంఘం 2010లో తన జాతీయ జట్లను అంతర్జాతీయ పోటీల నుంచి ఉపసంహరించుకుంది. ఆరేళ్ల తరువాత సీనియర్ మహిళలు తిరిగి అడుగుపెట్టింది ఈ చిన్న దేశాల పోటీలోనే. ఆపైన కార్క్‌లో సొంత ప్రేక్షకుల ముందు ఆడారు, 2021 నవంబరులో నెదర్లాండ్స్, చెక్ రిపబ్లిక్ వంటి జట్లున్న యూరోబాస్కెట్ అర్హత పోటీల్లో దిగారు. అక్కడ గెలవడం వారికి కష్టమే అయింది, కాని చిన్న పోటీయే లేకపోతే జట్టును మళ్లీ కూడగట్టుకునే చోటే వారికి ఉండేది కాదని నా నమ్మకం.

కావలి వ్యాయామ ఉపాధ్యాయిని:

ఇద్దరికీ ధన్యవాదాలు. నాలుగు ఊళ్ల జట్లతో లీగ్ పద్ధతిలో పోటీ పెట్టి, మొదటి స్థానం వచ్చిన జట్టుకు నెల్లూరులోని ఏదైనా కళాశాల జట్టుతో ఒక మ్యాచ్ ఏర్పాటు చేయాలని అనుకుంటున్నాను. మా కోర్టు ఆరుబయటిది, ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. ఎన్ని రోజులు పెట్టుకోమంటారు?

నెల్లూరు పూర్వ క్రీడాకారిణి:

నాలుగు జట్లకు లీగ్ అంటే మొత్తం ఆరు మ్యాచ్‌లు, ఒక్కో జట్టుకు మూడు. రోజుకు రెండు చొప్పున, ఉదయం ఒకటి, ఎండ తగ్గాక ఒకటి పెట్టుకుంటే మూడు రోజుల్లో అయిపోతాయి. ఏ జట్టూ ఒకే రోజు రెండుసార్లు ఆడనక్కరలేదు. పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లూ పూర్తిగా ఆడించండి, పిల్లలు కదా అని తగ్గించవద్దు. మరొక్క మాట: మన దగ్గర చాలాచోట్ల అబ్బాయిల కోసం కొన్న 7వ సైజు బంతితోనే అమ్మాయిలను కూడా ఆడిస్తుంటారు. మహిళలకు 6వ సైజు బంతి వాడాలి, బరువు 510 నుంచి 550 గ్రాముల వరకు ఉంటుంది. నాలుగు జట్లూ ఇప్పటినుంచే ఆ బంతితో సాధన చేసేలా ముందుగా అందరికీ కబురు చేయండి. నెల్లూరు జట్టుతో మ్యాచ్ సంగతి నాకు వదిలిపెట్టండి, నేను మాట్లాడి ఇక్కడే తెలియజేస్తాను.