సూర్యుడు రాని రోజుల్లో ఇనారి వెళ్ళొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. డిసెంబరు చివర్లో ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న ఇనారిలో ఒంటరిగా పది రోజులు ఉండాలనుకుంటున్నాను. అరోరా (రాత్రి ఆకాశంలో కనబడే రంగుల వెలుగులు) కోసం కాదు, కనబడితే సంతోషమే. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచి ధ్యానానికి కూర్చున్నా, పారాయణ చేసినా లోపల ఖాళీగానే ఉంటోంది. చప్పుడు లేని చోట, జనం లేని చోట కొన్నాళ్ళు ఉంటే మనసు నిండుతుందేమోనని ఆశ. కానీ ఆ రోజుల్లో అక్కడ సూర్యుడే రాడు, నువ్వు ఇంకా కుంగిపోతావు అని అక్క టెన్షన్ పడుతోంది. అక్కడ చలికాలం గడిపినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు 1:
నేను పని మీద రెండు చలికాలాలు ఉన్నానండీ. సూర్యుడు రాని ఆ కాలాన్ని వాళ్ళు కామోస్ అంటారు, ఇనారిలో డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి పదో తేదీ అటూ ఇటూ దాకా. అయితే ఇరవైనాలుగు గంటలూ కటిక చీకటి అనుకోకండి. మధ్యాహ్నం కొన్ని గంటలు దక్షిణం వైపు ఆకాశం గులాబీ రంగులోకి వస్తుంది, మిగతాదంతా నీలం, మంచు కూడా నీలమే.

మొదటి నాలుగు రోజులూ నాకు ఏమీ అనిపించలేదు, నిద్రే. తర్వాత ఒకరోజు అడవిలో మంట వేద్దామని గ్లవ్ తీశాను, నిమిషంలో వేళ్ళు మొద్దుబారాయి, మూడో అగ్గిపుల్లకి బిర్చ్ బెరడు అంటుకుంది. ఆ పొగ వాసనకేమో, కూక్కెలి అనే బూడిదరంగు పిట్ట ఒకటి వచ్చి మూరెడు దూరంలో కొమ్మ మీద వాలి నన్నే చూస్తూ కూర్చుంది. ఎందుకో ఏడుపొచ్చేసింది. అంత చిన్న మంట, అంత చిన్న పిట్ట, అయినా ఆ పూటకి ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

జవాబు 2:
పియెల్పయార్వి చర్చికి తప్పకుండా వెళ్ళండి. 1760 నాటి చెక్క కట్టడం, రోడ్డు లేదు, సుమారు 5 కిలోమీటర్లు అడవిలో నడవాలి, చలికాలంలో స్నోషూస్ గానీ స్కీలు గానీ కావాలి. ఒకప్పుడు ఇనారి సామీల, అంటే అక్కడి ఆదివాసుల, చలికాలపు ఊరు ఆ చుట్టుపక్కలే ఉండేది. నేను వెళ్ళినప్పుడు లోపల మనిషి లేడు, హీటర్ లేదు. బల్ల మీద కూర్చుంటే నా ఊపిరే పొగలా కనబడింది, కాసేపటికి స్కార్ఫ్ అంచు గడ్డకట్టింది. నేను వేరే దేవుడికి మొక్కేవాణ్ణి, అయినా చేతులు వాటంతటవే కలిశాయి. బయల్దేరే ముందు బస చేసేచోట ఎవరికైనా చెప్పి వెళ్ళండి. హెడ్‌ల్యాంప్ బ్యాటరీ ఇంకోటి లోపలి జేబులో పెట్టుకోండి, చలికి ఇట్టే దిగిపోతుంది.

జవాబు 3:
ఒక్క మాట, తప్పుగా అనుకోకండి. అది జనం లేని చోటు కాదు. ఇనారి మునిసిపాలిటీలో మూడు సామీ భాషలు మాట్లాడతారు. వాటిలో ఇనారి సామీ దాదాపు పోతుందనుకున్న దశలో, 1997లో చంటిపిల్లల కోసం భాషా గూడు అని, ఆ భాషలోనే మాట్లాడే శిశు సంరక్షణ కేంద్రం మొదలుపెట్టి నిలబెట్టుకున్నారు. మీరు అమ్మ గురించి రాశారు కాబట్టి చెబుతున్నాను, పోతున్న అమ్మభాషని పసిపిల్లల నోట్లో మళ్ళీ పెట్టారంటే ఎంత ప్రేమ ఉండాలి! ముందు సామీల సంస్కృతిని చూపించే సీడా మ్యూజియంలో ఒక పూట గడపండి, తర్వాతే అడవి. సరస్సులో ఉకొన్‌సారి అనే దీవి వాళ్ళకి పవిత్రం, దాన్ని దూరం నుంచే చూడండి.

ఇంకోటి, అక్క భయం ఉత్తది కాదు. నిద్ర, తిండి సరిగ్గా లేకపోతే ఈ ఏడాది కామోస్ వద్దు, డాక్టరుతో మాట్లాడి మార్చిలో వెళ్ళండి. అప్పుడు మంచూ ఉంటుంది, ఎండా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్. అక్కకి ఇవన్నీ చదివి వినిపించాను. నిద్ర, తిండి బాగానే ఉన్నాయి. జనవరి 6 నుంచి 16 దాకా అయితే సరే అంది, తనూ వస్తానంటోంది! సూర్యుడు మళ్ళీ వచ్చే రోజులు కదా, ఆ మొదటి ఎండ ఎంతసేపు ఉంటుంది?

జవాబు 1:
చాలా కొంచెంసేపండీ, అంచు కనబడి మళ్ళీ దిగిపోతుంది, మబ్బుంటే అదీ లేదు. కొండలూ చెట్లూ అడ్డొస్తాయి కాబట్టి దక్షిణం బాగా కనబడే చోటు ముందురోజే చూసి పెట్టుకోండి. పన్నెండింటికల్లా అక్కడ ఉండండి, ఫ్లాస్కులో వేడిగా ఏదైనా ఇద్దరికీ సరిపడా తీసుకెళ్ళండి.