అప్‌డేట్: పెరుగుతున్న మైక్రోట్యూబ్యూల్ హఠాత్తుగా ఎందుకు కూలుతుంది?

ఒకే ద్రావణంలో కొన్ని మైక్రోట్యూబ్యూళ్లు (కణాల్లో ఉండే సన్నని ప్రోటీన్ గొట్టాలు) పెరుగుతుండగా పక్కనున్నవి ఎందుకు కుంగిపోతాయని ఇంతకుముందు అడిగాను; సమాధానాలు చదివి సరిచూసుకున్నాక తేలినది ఇది. ఆల్ఫా, బీటా ట్యూబులిన్ అనే ప్రోటీన్ల జంటలు సాధారణంగా 13 పోగులుగా అతుక్కొని, సుమారు 25 నానోమీటర్ల వ్యాసం గల బోలు గొట్టమవుతాయి. కొత్తగా చేరే జంటలో బీటా ట్యూబులిన్ జీటీపీ అనే, శక్తినిచ్చే చిన్న అణువుతో వస్తుంది. గొట్టంలో ఇమిడాక ఆ జీటీపీ ఒక ఫాస్ఫేట్‌ను కోల్పోయి జీడీపీగా మారుతుంది. అప్పుడు ఆ జంటలు వంపు తిరగబోతాయి గాని, కొసన జీటీపీ టోపీ (ఇంకా జీటీపీతోనే ఉన్న కొత్త జంటల పొర) ఉన్నంతవరకు చుట్టూ ఉన్న అల్లిక వాటిని నిటారుగా బిగించి ఉంచుతుంది. టోపీ పోతే పోగులు బయటికి వంగి విడిపోతాయి. శాస్త్రవేత్తలు మిచిసన్, కిర్ష్‌నర్ 1984లో వర్ణించిన ఈ అస్థిరతే, నా దృష్టిలో, అసలు జవాబు. కణంలోని మరో రకం ప్రోటీన్ పోగులైన ఇంటర్మీడియట్ ఫిలమెంట్లూ ఇలాగే కూడుకుంటాయా అన్న నా రెండో ప్రశ్న తేలికగానే తీరింది: వాటి ప్రోటీన్లు కూడుకోవడానికి జీటీపీ గాని, అలాంటిదే అయిన ఏటీపీ గాని అక్కరలేదు, పైగా అవి ఎదురెదురు దిశల్లో అమరడం వల్ల మైక్రోట్యూబ్యూళ్లకున్నట్టు ప్లస్ (వేగంగా పెరిగే), మైనస్ (నెమ్మదిగా పెరిగే) కొసలనే భేదమే ఉండదు.