పిల్లల హోమ్‌ల మీద లాభానికి హద్దు పెట్టాలా?

గోదారి_అమ్మాయి:
ఇంగ్లండ్‌లో ఇంట్లో ఉండలేని పిల్లల బాధ్యత కౌన్సిల్‌ది, అంటే స్థానిక ప్రభుత్వానిది. ఆ పిల్లల్ని ఉంచే హోమ్‌లు మాత్రం చాలావరకు ప్రైవేటువే. ఇక్కడి పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ 2022 మార్చి నివేదికలో, పెద్ద కంపెనీలకు హోమ్‌ల మీద సగటున 22.6 శాతం నిర్వహణ లాభం వస్తోందని తేల్చింది. వేల్స్ 2025లో చట్టం చేసి లాభాపేక్షను దశలవారీగా తీసేస్తోంది. ఇక్కడెందుకు చేయరు? నేను కౌన్సిల్ సోషల్ వర్కర్ని, రోజూ చూస్తున్నా.

ప్రెస్టన్_బాబాయ్:
మళ్లీ 22.6! అది పెద్ద కంపెనీల లెక్కమ్మా, పైగా వడ్డీ, పన్ను కట్టకముందుది. నాది ఇద్దరు పిల్లలుండే చిన్న హోమ్. రాత్రంతా మేలుకునే స్టాఫ్, మేనేజర్ జీతం, ఇన్సూరెన్స్. ఒక గది ఖాళీ అయితే ఖర్చు నా జేబులోంచే. ఒక కౌన్సిల్ నా బిల్లు నెలల తరబడి ఆపింది. లాభం నిషేధిస్తే పిల్లలకు ఉన్న చోట్లూ తగ్గిపోతాయని ఆ నివేదికే చెప్పింది. అది చదవలేదా?

లీడ్స్_కుర్రాడు:
ఇలాంటి పిల్లల్ని తమ ఇంట్లోనే పెట్టుకుని చూసుకునే ఫాస్టర్ కేరర్లకు సరిగ్గా డబ్బిస్తే సగం గొడవ తీరుతుంది.

గోదారి_అమ్మాయి:
చదివాను బాబాయ్ గారూ. ధర కూడా చదివాను. 2020లో ఒక్కో బిడ్డకు వారానికి సగటున 3,830 పౌండ్లు.

ప్రెస్టన్_బాబాయ్:
అందులో జీతాలే ఎంతో ఎప్పుడైనా లెక్కేశారా? ఆఫీసులో కూర్చుని మాట్లాడటం తేలిక.

గోదారి_అమ్మాయి:
ఆఫీసా? శుక్రవారం సాయంత్రం హోమ్ వాళ్లు పంపేసిన పద్నాలుగేళ్ల పిల్ల, నల్ల చెత్త సంచిలో బట్టలతో ఆ ఆఫీసులోనే కూర్చుంది. ఏ హోమ్‌కి మెయిల్ పెట్టినా "మ్యాచ్ కాదు", మా దగ్గరున్న పిల్లలతో కుదరదు అన్నారు. చివరికి ఎక్కడో సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో చోటు దొరికింది. బడి మారింది, తమ్ముడు ఇక్కడే ఉండిపోయాడు.

ప్రెస్టన్_బాబాయ్:
నేనూ కాదన్నాను అలాంటి పిల్లల్ని, దాచను. ఉన్న పాపను కొట్టే పిల్లను పక్క గదిలో పెట్టి, రేపు ఏదైనా జరిగితే? హోమ్‌లను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ ఇచ్చే గ్రేడ్ పడిపోయిందంటే ఇక పిల్లల్ని పంపేవాళ్లుండరు.

గోదారి_అమ్మాయి:
నా బాధ అదే! మీరు కాదనొచ్చు. 1989 చిల్డ్రన్ యాక్ట్ ప్రకారం మేం కాదనలేం. శాతాలు తర్వాత. కష్టమైన బిడ్డ ఎవరి బాధ్యతో ముందు చెప్పండి.

ప్రెస్టన్_బాబాయ్:
అయితే ఖాళీ గదికీ డబ్బు కడతామని కౌన్సిళ్లు ముందే ఒప్పందం రాయాలి. 2022 స్వతంత్ర సమీక్ష చెప్పినట్టు కొన్ని కౌన్సిళ్లు ఒక ప్రాంతంగా కలిసి హోమ్‌లలో చోట్లు కొంటే అది కుదురుతుంది. నష్టమంతా నా నెత్తిన పెట్టి, ఎవరినీ కాదనకు అంటే ఎలా?

లీడ్స్_కుర్రాడు:
ఇది న్యాయంగానే ఉంది.

గోదారి_అమ్మాయి:
రాద్దాం. ఆ బిడ్డ రెండుసార్లు తలుపు పగలగొట్టినా, తీసుకెళ్లిపొమ్మని నోటీసు ఇవ్వనని మీరూ రాస్తారా?